తాళం వేశారు సరే... గొళ్లెం పెట్టారా?

పోయిన ల్యాప్‌టాప్‌ను దూరం నుంచి లాక్ చేస్తే దొంగకు పనికిరాకుండా పోతుందా?

హోసూరులో ఇల్లు, బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం. రోజూ అత్తిబెలె దాటి అటూ ఇటూ తిరిగే తెలుగువాళ్లకు లెక్కలేదు. ఇక బళ్లారి, కోలారు, పావగడ, చింతామణి నుంచి వచ్చి మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉంటున్న అబ్బాయిలు, అమ్మాయిల సంగతి చెప్పనక్కర్లేదు. ఎవరి భుజాన చూసినా ఓ నల్ల బ్యాగు, అందులో ఓ ల్యాప్‌టాప్. కొందరికది కంపెనీ ఇచ్చింది. కొందరికి నాన్న అప్పు చేసి కొనిచ్చింది. గదిలో పెట్టి టిఫినుకు వెళ్లొచ్చేలోపు అది మాయమైతే?

ఇది ఊరికే భయపెట్టే మాట కాదు. 2024 మార్చిలో బెంగళూరులో పీజీ చోరీల కేసు ఒకటి ఛేదించిన పోలీసులు అందులోనే 24 ల్యాప్‌టాప్‌లు స్వాధీనం చేసుకున్నారు. బస్సులో పైన పెట్టి మరిచినవి, రైల్లో నిద్రపోతుంటే పోయినవి, కారు అద్దం పగలగొట్టి ఎత్తుకెళ్లినవి వేరే.

పోయిందని తెలియగానే నలుగురూ చెప్పే ధైర్యం ఒకటే. ‘దూరం నుంచి లాక్ చేసెయ్. వాడు దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగాల్సిందే తప్ప వాడుకోలేడు’ అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ మాట కొన్ని ల్యాప్‌టాప్‌ల విషయంలో దాదాపు నిజం. మన దగ్గర ఎక్కువమంది చేతుల్లో ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌ల విషయంలో మాత్రం చాలావరకు భ్రమ. ఏది ఎందుకు ఆగుతుంది, ఏది ఎందుకు ఆగదు అనేది తెలుసుకుంటే పోకముందే చేయాల్సిన పని అర్థమవుతుంది.

ఉత్తరం వెళ్లేలోపు ఇల్లు ఖాళీ

విండోస్‌లో ‘ఫైండ్ మై డివైస్’ అనే సదుపాయం ఉంది. విండోస్ 10లో 2015లో వచ్చింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి, సెట్టింగ్స్‌లో దీన్ని ముందే ఆన్ చేసి ఉండాలి. అలా ఉంటే వేరే ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో ఆ ఖాతా తెరిచి, ల్యాప్‌టాప్ చివరిసారి ఎక్కడుందో మ్యాపులో చూడొచ్చు. లాక్ కూడా చేయొచ్చు. తెర మీద ‘ఇది పోయిన ల్యాప్‌టాప్, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని సందేశం పెట్టొచ్చు. ఇంట్లో వాడుకునే విండోస్‌లో ఈ సదుపాయంతో చేయగలిగింది ఇంతే. లోపలున్న ఫైళ్లను దూరం నుంచి చెరిపేసే వీలు ఇందులో లేదు.

అసలు చిక్కు ఇంకోటి. లాక్ చేయమని మీరిచ్చిన ఆదేశం నేరుగా ల్యాప్‌టాప్‌కు వెళ్లదు. మైక్రోసాఫ్ట్ సర్వరు దగ్గర కూర్చుంటుంది. ల్యాప్‌టాప్ ఎప్పుడు ఇంటర్నెట్‌కు కనెక్ట్ అయితే అప్పుడు అందుకుంటుంది. దొంగ చేతిలో మూత మూసి ఉన్న ల్యాప్‌టాప్‌కు నెట్ ఎక్కడిది? మీ పీజీ వైఫై దాటి బయటికి వచ్చిన క్షణంలోనే దానికీ లోకానికీ సంబంధం తెగింది. దొంగ దగ్గర గానీ, కొన్నవాడి దగ్గర గానీ అది మళ్లీ తెరుచుకునేది ఎలాగంటే, పెన్‌డ్రైవ్ పెట్టి పాత విండోస్ తుడిచేసి కొత్తది ఎక్కించాకే. అరగంటో గంటో పట్టే పని. వీధి చివర సర్వీసు షాపులో రోజూ చేసేదే. లాక్ ఆదేశం అందుకోవాల్సిన పాత విండోస్ అప్పటికి లేదు. ఉత్తరం చేరేలోపు ఇల్లు ఖాళీ చేసి వెళ్లినట్టు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టని మనవాళ్లు అనేది సరిగ్గా ఇలాంటి దాన్నే.

అందుకని ఈ సదుపాయం దండగని కాదు. ఆటోలో మరిచిపోయిన ల్యాప్‌టాప్ ఓ మంచి మనిషికి దొరికితే ఆ సందేశం పనికొస్తుంది. ఆఫీసులోనో కాలేజీలోనో ఎవరో తీసి అక్కడే వాడుతుంటే పట్టిస్తుంది. ఎత్తుకెళ్లి అమ్ముకోవాలనుకునేవాణ్ని మాత్రం ఆపలేదు.

ఆపిల్‌లో తాళం ముందే పడి ఉంటుంది

మ్యాక్‌బుక్‌ల కథ వేరు. ‘యాక్టివేషన్ లాక్’ను ఆపిల్ 2013లో ఐఫోన్లకు పెట్టింది. తర్వాత అదే పద్ధతి మ్యాక్‌లకు తెచ్చింది. టీ2 అనే భద్రతా చిప్ ఉన్న మ్యాక్‌లలో 2019 నాటి క్యాటలీనా నుంచి, ఆ తర్వాత 2020లో మొదలైన ఎం1, ఎం2 వరస యంత్రాలన్నిటిలో ఇది పనిచేస్తుంది. ‘ఫైండ్ మై’ ఆన్‌లో ఉంటే చాలు, ఆ యంత్రం ఫలానా ఖాతాదారుడిదని ఆపిల్ సర్వరులో రాసి ఉంటుంది.

తేడా ఎక్కడంటే, విండోస్ లాక్ పోయిన తర్వాత వేసేది. ఇది పోకముందే పడి ఉండేది. దొంగ మ్యాక్‌ను పూర్తిగా తుడిచేసినా, మళ్లీ మొదలుపెట్టాలంటే ఇంటర్నెట్‌కు కలిపి ఆపిల్ సర్వరు అనుమతి తీసుకోవాల్సిందే. అక్కడ అసలు యజమాని ఖాతా, పాస్‌వర్డ్ అడుగుతుంది. చెప్పకపోతే ముందుకు కదలదు. నెట్ ఇవ్వకపోతే దొంగకే నష్టం. ఆ చిప్ లేని పాత మ్యాక్‌లకు మాత్రం ఈ ధీమా లేదు. వాటికి దూరం నుంచి అంకెల తాళం వేయొచ్చు గానీ, మదర్‌బోర్డు పని తెలిసినవాళ్లు దాన్ని తీసేసే దారులు కనిపెట్టారు.

మరి కొత్త మ్యాక్ పోతే భయం లేదా అంటే, వస్తువు మాత్రం తిరిగి రాదు. వాడుకోలేని మ్యాక్‌ను దొంగ పారేయడు. స్క్రీన్, బ్యాటరీ, కీబోర్డు విడివిడిగా పోతాయి. 2024లో ఆపిల్ ఈ లాక్‌ను ఐఫోన్ విడిభాగాలకూ పెట్టింది అందుకే.

ఇంకో మోసం కూడా ఉంది. లాక్ పడిన వస్తువు చేతిలో ఉన్నవాడు యజమానికే వల వేస్తాడు. లాక్ తెర మీద మీరే ఫోన్ నంబరు పెట్టారు కదా. ‘మీ పరికరం దొరికింది, ఎక్కడుందో చూడటానికి ఈ లింకు నొక్కండి’ అని ఆపిల్ పేరుతో ఎస్సెమ్మెస్ వస్తుంది. ఆశతో నొక్కి పాస్‌వర్డ్ కొడితే అంతే సంగతులు. బతిమాలుతూ ఫోన్ చేసి ‘సెకండ్‌హ్యాండ్‌లో కొన్నానండీ, మీ ఖాతా నుంచి తీసేయండి’ అన్నా సరే, ఖాతా నుంచి తీసేశారంటే లాక్ ఊడిపోయినట్టే.

కంపెనీ ల్యాప్‌టాపైతే...

కంపెనీలు తమ యంత్రాలకు ఇంకొంచెం గట్టి ఏర్పాట్లు చేసుకుంటాయి. కెనడాలో మొదలైన ఆబ్సల్యూట్ అనే సంస్థ సాఫ్ట్‌వేర్ విత్తనం లాంటి ఒక భాగాన్ని తయారీదారులే మదర్‌బోర్డులోని బయోస్‌లో పెట్టి పంపుతారు. కంపెనీ డబ్బు కట్టి దాన్ని నిద్రలేపుతుంది. అప్పుడు విండోస్ తుడిచి కొత్తది ఎక్కించినా అది మళ్లీ మొలుస్తుంది. నెట్ దొరకగానే సొంత కంపెనీకి కబురు పంపుతుంది. మైక్రోసాఫ్ట్ వారి ఆటోపైలట్ 2017లో వచ్చింది. అందులో నమోదైన ల్యాప్‌టాప్‌లో విండోస్ కొత్తగా ఎక్కించి నెట్‌కు కలిపితే ‘ఫలానా కంపెనీకి స్వాగతం’ అంటూ ఉద్యోగి లాగిన్ అడుగుతుంది. దీనికీ సందులు లేకపోలేదు. అవి తెలిసినవాడికి ఆటోపైలట్ పెద్ద అడ్డు కాదు.

గతంలో ఇంటెల్ ఇంతకన్నా కఠినమైనదే తెచ్చింది. యాంటీ థెఫ్ట్ అని దాని పేరు. నిర్ణీత గడువులోగా సర్వరుకు హాజరు వేయించుకోకపోతే ల్యాప్‌టాప్ తనంతట తానే లాక్ పడిపోయేది. అంటే నెట్ ఇవ్వకపోయినా దొంగకు లాభం లేదు. అంత మంచి ఏర్పాటునూ 2015 జనవరిలో ఆపేశారు. ఇలాంటి తాళాలతో ఉండే తంటా ఏమిటంటే, అవి దొంగను, దొరను ఒకేలా చూస్తాయి. అర్జెంటీనాలో 2010లో బడిపిల్లలకు ప్రభుత్వం పంచిన చిన్న ల్యాప్‌టాప్‌లలో ఇదే తరహా హాజరు పద్ధతి పెట్టారు. బడి సర్వరుకు చాన్నాళ్లు దూరమైతే చాలు, పిల్లల సొంత యంత్రాలే తెరుచుకోకుండా మొరాయించాయి.

కంపెనీ ల్యాప్‌టాప్ పోతే ఉద్యోగి చేయాల్సింది ఒక్కటే. ఆ నిమిషమే ఐటీ విభాగానికి చెప్పడం. జీతంలో కోస్తారేమోనన్న భయంతో రెండ్రోజులు వెతికి చూద్దామని దాచేవాళ్లున్నారు. ఆ రెండ్రోజుల్లోనే అది నెట్‌కు కలిసి, తుడుపుడు ఆదేశం అందుకునే అవకాశం వచ్చి పోయి ఉండొచ్చు.

పోయేది ఇనుమా, అందులోనిదా?

ఇక్కడే చాలామంది పొరపడుతున్నారు. లాగిన్ పాస్‌వర్డ్ ఉంది కదా, లోపలివి భద్రమే అనుకుంటారు. విండోస్ పాస్‌వర్డ్ ఇంటి ముందు తలుపు లాంటిది. వెనక గోడే లేకపోతే తలుపుకెంత తాళం వేసి ఏం లాభం? అడుగున నాలుగు స్క్రూలు తీసి హార్డ్‌డిస్క్‌నో ఎస్‌ఎస్‌డీనో బయటకు లాగి వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే, ఆధార్ కాపీలు, సర్టిఫికెట్లు, పెళ్లి ఫొటోలు, ఆఫీసు కాగితాలు అన్నీ వరసగా కనిపిస్తాయి. రిమోట్ లాక్ అప్పుడు అడ్డురాదు.

దీన్ని ఆపేది ఎన్‌క్రిప్షన్. డిస్కులో రాసే ప్రతి అక్షరాన్నీ తాళంచెవి లేనివాడికి అర్థంకాని పిచ్చిగీతలుగా మార్చేయడం. డిస్కు పీకి ఎక్కడ పెట్టినా గీతలే కనిపిస్తాయి. తుడిచి కొత్తగా వాడుకోవచ్చు గానీ లోపలివి చదవలేరు. మ్యాక్‌లలో దీని పేరు ఫైల్‌వాల్ట్. విండోస్ ప్రో రకంలో బిట్‌లాకర్. 2007లో విస్టాతో వచ్చింది. ఇళ్లలో ఎక్కువగా ఉండే విండోస్ హోమ్‌లో ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ అని ఉంటుంది, కాకపోతే అన్ని యంత్రాల్లో ఉండదు. విండోస్ 11కు 2024లో వచ్చిన 24హెచ్2 నుంచి, కొత్త ల్యాప్‌టాప్‌ను మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెడితే ఇది చాలావరకు దానంతటదే ఆన్ అవుతోంది. అంతకుముందు కొన్నవాళ్లు సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’ కింద ఒకసారి చూసుకోవాలి. అయిదు నిమిషాల పని.

ఒక హెచ్చరిక. ఎన్‌క్రిప్షన్‌కు 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాలో అది భద్రమైందో లేదో చూసుకుని, కాగితం మీద కూడా రాసి ఇంట్లో బీరువాలో పెట్టాలి. ఎప్పుడైనా మదర్‌బోర్డు మార్చినా, బయోస్ అప్‌డేట్ చేసినా అది అడుగుతుంది. అప్పుడు కీ లేకపోతే మీ ఫొటోలు మీకే దక్కవు.

దీనికి తోడు బయోస్‌కు పాస్‌వర్డ్ పెట్టుకుని, పెన్‌డ్రైవ్ నుంచి మొదలయ్యే వీలు మూసేస్తే విండోస్ ల్యాప్‌టాప్‌కు గొళ్లెం పెట్టినట్టే. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ తీస్తే ఆ పాస్‌వర్డ్ ఎగిరిపోయేది. ఇప్పటి బిజినెస్ రకం ల్యాప్‌టాప్‌లలో అలా పోదు. కొన్ని చవక రకాల్లో మాత్రం సులువుగానే తీసేస్తున్నారు. ఈ పాస్‌వర్డ్ మరిచిపోతే మాత్రం కొన్ని కంపెనీలు మదర్‌బోర్డు మార్చడం తప్ప దారి లేదని చేతులెత్తేస్తాయి. ఎక్కడైనా రాసిపెట్టుకునే ఓపిక లేనివాళ్లు దీని జోలికి పోకపోవడమే మేలు.

ల్యాప్‌టాప్ పోయాక లాక్ కన్నా ముందు చేయాల్సిన పని ఇంకోటుంది. బ్రౌజర్‌లో మెయిల్, బ్యాంకు, ఆఫీసు ఖాతాలు తెరిచే ఉంటాయి. ఫోన్ నుంచి మొదట మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, ‘అన్ని పరికరాల నుంచి సైనవుట్’ నొక్కాలి. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ తెరిచి ఆ ల్యాప్‌టాప్‌ను తీసేయాలి. మెయిల్ చేతికి చిక్కితే మిగతా పాస్‌వర్డులన్నీ దాంతోనే మార్చేసుకోవచ్చు. అందుకే అది ముందు.

అత్తిబెలెకు అటా, ఇటా?

సరిహద్దువాళ్లకు ఎదురయ్యే పెద్ద గండం పోలీసు స్టేషన్. మడివాళలో బస్సెక్కి హోసూరులో దిగేసరికి బ్యాగు లేదు. పోయింది కర్ణాటకలోనా, తమిళనాడులోనా? ఒక స్టేషన్‌కు వెళ్తే ‘మా పరిధి కాదు’, ఇంకో స్టేషన్‌కు వెళ్తే ‘అక్కడే ఇవ్వండి’. ఇలా తిరగలేక వదిలేసినవాళ్లు చాలామందే.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ఈ వాదానికి తావివ్వదు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. జీరో ఎఫ్‌ఐఆర్ అనేది ఇదే. తర్వాత దాన్ని సంబంధిత స్టేషన్‌కు పంపుకోవడం వాళ్ల పని. కన్నడం గానీ తమిళం గానీ రాయడం రాకపోయినా ఇబ్బంది లేదు. నోటితో చెప్పింది పోలీసులే రాసుకుని చదివి వినిపించాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపిన ఫిర్యాదు కూడా చెల్లుతుంది, మూడు రోజుల్లోగా సంతకం చేయాలి. అయినా తీసుకోకపోతే విషయం రాసి ఎస్పీకి తపాలాలో పంపొచ్చు. రైల్లో పోతే 139కి ఫోన్ చేయొచ్చు. ఎఫ్‌ఐఆర్ ఫారం టీటీఈ దగ్గరే దొరుకుతుంది. మధ్యలో దిగి పరిగెత్తక్కర్లేదు.

పోలీసులకు కావలసింది సీరియల్ నంబరు. ఫోన్లకైతే ఐఎంఈఐ ఉంటుంది. 2023 మేలో దేశమంతటికీ వచ్చిన సంచార్ సాథీ ద్వారా పోయిన ఫోన్‌ను ఏ సిమ్ వేసినా పనిచేయకుండా ఆపించొచ్చు. ల్యాప్‌టాప్‌కు ఆ వసతి లేదు. సిమ్ స్లాటు ఉన్న కొద్ది రకాలు తప్ప మిగతావాటికి ఐఎంఈఐయే ఉండదు. వైఫైకి కలిసే ల్యాప్‌టాప్‌ను టెలికం కంపెనీలు ఆపలేవు. దొరికినప్పుడు ‘ఇది నాదే’ అని రుజువు చేసేది బిల్లు, డబ్బా మీది సీరియల్ నంబరే. కొన్నరోజే అడుగున ఉన్న స్టిక్కర్‌ను, బిల్లును ఫోన్‌తో ఫొటో తీసి మెయిల్‌లో దాచుకుంటే ఆ రోజు అక్కరకొస్తుంది. ఆ ఫొటో అదే ల్యాప్‌టాప్‌లో దాచుకుంటే మాత్రం నవ్విపోతారు.

మ్యాపులో చుక్క కనిపించింది కదాని కుర్రాళ్లు గుంపుగా బయల్దేరడం ప్రమాదం. ల్యాప్‌టాప్ చూపే చోటు ఎక్కువగా చుట్టుపక్కల వైఫైలను బట్టి వేసిన అంచనా. అపార్టుమెంట్ల మధ్య ఆ చుక్క ఏ ఇంటిదో ఎవరూ చెప్పలేరు. తెరను స్క్రీన్‌షాట్ తీసి తేదీ, సమయంతో సహా పోలీసులకు ఇవ్వాలి.

కొనేవాళ్లకూ చిక్కే

ఈ కథలో ఇంకో బాధితుడున్నాడు. డిగ్రీ చదివే పిల్లాడికి పాతదైనా చాలనుకుని బెంగళూరు ఎస్పీ రోడ్డుకో, చెన్నై రిచీ స్ట్రీట్‌కో వెళ్లే తండ్రి. అక్కడ నిజాయితీగా బిల్లిచ్చి, గ్యారంటీ రాసిచ్చి అమ్మే షాపులకు కొదవలేదు. కంపెనీలు వాడి వదిలించుకున్న సరుకే ఎక్కువ. చిక్కల్లా చేతి బేరాలతో, ఊరూపేరూ లేని ప్రకటనలతో.

తెలిసి దొంగ సొత్తు కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ ఉంది. ఐటీ చట్టం 66బి సెక్షన్ ప్రకారం దొంగ కంప్యూటర్‌ను దురుద్దేశంతో తీసుకున్నవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. తెలియక కొన్నా డబ్బు, వస్తువు రెండూ పోతాయి. స్టేషన్ చుట్టూ తిరగడం అదనం.

అమ్మేవాడి ముందే చూసుకోవాల్సినవి ఉన్నాయి. మ్యాక్ అయితే ‘సిస్టమ్ ఇన్‌ఫర్మేషన్’ తెరిచి ‘హార్డ్‌వేర్’ నొక్కితే యాక్టివేషన్ లాక్ ఉందో లేదో రాసి ఉంటుంది. ఉంటే వాడు తన ఖాతా తీసేసేదాకా డబ్బివ్వొద్దు. ‘ఇంటికెళ్లి తీసేస్తా సార్’ అంటే ఆ బేరం వదులుకోవాలి. విండోస్ అయితే అక్కడికక్కడే రీసెట్ చేయించి, మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి చూడాలి. ఏదో కంపెనీ పేరుతో లాగిన్ అడిగితే ఆ ల్యాప్‌టాప్ ఇంకా ఆ కంపెనీ లెక్కలోనే ఉందన్నమాట. ఆన్ చేసేటప్పుడు ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కితే బయోస్ తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ అడిగితే ఆలోచించాలి. అందులో కనిపించే సీరియల్ నంబరు, అడుగున స్టిక్కర్ మీది నంబరు ఒకటే కావాలి. తమిళనాడు ప్రభుత్వం 2011లో విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్‌లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు వాటి మీద సర్కారు ముద్ర వేసింది. హోసూరు, కృష్ణగిరి వైపు అవి తెలుగు ఇళ్లలోనూ కనిపిస్తాయి. మూత మీద అలాంటి ముద్ర గీకేసిన గుర్తులుంటే ఎంత చవకకిచ్చినా కొనొద్దు.

బిల్లు లేకపోతే కనీసం అమ్మినవాడి పేరు, సీరియల్ నంబరు, తేదీ ఒక కాగితం మీద రాయించి సంతకం తీసుకోవాలి. డబ్బు నోట్లుగా కాకుండా యూపీఐలో ఇస్తే రేపు ఎవరైనా అడిగినప్పుడు చూపించడానికి ఓ ఆధారం మిగులుతుంది.